కీడుకు మేలు

తన మతమును దూషించినవానిపట్ల మనుష్యుడు ఎట్లు ప్రవర్తింపవలెను? ఈ ప్రశ్న ఏ ఒక్క మతమువారికో చెందినది కాదు. ప్రతి మతమునందును దూషించినవారు ఉన్నారు, దూషణకు గురియైనవారును ఉన్నారు. ఐనను క్రైస్తవ మతము దీనికి చెప్పిన సమాధానము మిక్కిలి కఠినమైనది. శత్రువును ద్వేషింపకుండుట చాలదు. అతనిని ప్రేమింపవలెను, అతని క్షేమము కొరకు ప్రార్థింపవలెను అని యేసుక్రీస్తు కొండమీది ప్రసంగములో శిష్యులకు విధించినాడు. వినుటకు ఇది ఇంపుగానే ఉన్నది. ఆచరణ మాట ఏమి? శ్రీకాకుళము, విజయనగరము సీమలలోను, వాని ఇరుగుపొరుగులలోను జరిగిన కొన్ని సంగతులను ఆధారముగా చేసికొని ఈ విషయమును కొంచెము పరిశీలింతము.

ఈ బోధ తెలుగు అచ్చులోనికి వచ్చిన దారి మన తీరమునుండియే మొదలైనది. 1805లో లండను మిషనరీ సంఘమునకు చెందిన జార్జి క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ అనువారు విశాఖపట్టణము చేరినారు. క్రైస్తవుడైన ఆనందరాయలు అను మహారాష్ట్ర బ్రాహ్మణుడు అనువాదములో వారికి తోడ్పడినాడు. క్రాన్ 1809లోను, డెస్ గ్రాంజెస్ 1810లోను మరణించినారు. మత్తయి, మార్కు, లూకా సువార్తల తెలుగు అనువాదము 1812లో, కలకత్తాకు సమీపమున ఉన్న శ్రీరాంపురములో అచ్చైనది. కొండమీది ప్రసంగము మత్తయి సువార్తలోనిదే. పని తలపెట్టిన ఇరువురును అచ్చు ప్రతిని కంట చూడకుండనే పోయినారు గాని, వారి కృషి ఫలితముగా శత్రుప్రేమను గూర్చిన ఆ మాట తెలుగు పాఠకుని చేతికి వచ్చినది.

ఐతే ఈ భావము మన నేలకు కొత్తదా? కాదు. కీడు చేసినవానికి మేలు చేయగలవాడే నేర్పరి అని సుమతీ శతకకారుడు చెప్పిన పద్యమును మన పిల్లలు బడిలో వల్లించినవారే. వంశధారా తీరమున సాలిహుండములోను, విజయనగరమునకు సమీపమున రామతీర్థములోను కొండలమీద బౌద్ధారామముల శిథిలములు నేటికిని కనబడుచున్నవి. వైరము వైరముచేత ఎన్నడును చల్లారదని బుద్ధభగవానుడు చెప్పిన ధర్మమును ఆ కొండలమీద భిక్షువులు శతాబ్దములపాటు మననము చేసినారు. కనుక సువార్తలోని మాట ఈ సీమకు వచ్చినప్పుడు దానికి ఇచ్చట బంధువులు లేకపోలేదు. క్రైస్తవ బోధ ఈ భావమునకు తనదైన ఒక కారణమును చెప్పినది. దేవుడు మంచివాని చేనిమీదను చెడ్డవాని చేనిమీదను ఒక్కరీతిగా వాన కురిపించుచున్నాడు గనుక, ఆయన బిడ్డలును అట్లే ఉండవలెనన్నది ఆ కారణము. నాగావళి నీటితో పంట పండించుకొను రైతుకు ఈ ఉపమానము వివరింప పనిలేదు.

ఇచ్చట ఒక చిక్కు వచ్చును. ప్రేమ మనసులో పుట్టవలసినది గదా, దానిని ఆజ్ఞాపించుట ఎట్లు? మన ఇల్లు తగులబెట్టినవానిమీద ఇష్టము కలుగునా? గ్రీకు భాషలోని సువార్తలో ఈ చోట వాడబడినది అగాపే అను పదమునకు సంబంధించిన క్రియ. వ్యాఖ్యాతలు దీనిని మమకారముగా గాక, ఎదుటివాని మేలు కోరి ఆ మేలుకై పనిచేయు సంకల్పముగా వివరించినారు. అమెరికాలో నీగ్రోజాతి హక్కులకై పోరాడిన మార్టిన్ లూథర్ కింగ్ కూడ, శత్రువును ఇష్టపడుట వేరు, ప్రేమించుట వేరు అని బోధించినాడు. 1956 జనవరి 30న మాంట్‌గామరీ పట్టణములో ఆయన ఇంటిమీద బాంబు వేసినారు. కోపముతో గుమిగూడిన తనవారికి ఆయన వాకిటనే నిలిచి నచ్చజెప్పి, ఆయుధములు విడిచి ఇండ్లకు పొండని పంపినాడు. ఆనాడు ఆయనకు బాంబు వేసినవానిమీద ఇష్టము కలిగియుండనక్కరలేదు. ఆ రాత్రి ఎవరి ప్రాణమును పోరాదని ఆయన సంకల్పించినాడు. అంతమాత్రమే, కాని అది తక్కువది కాదు.

ఇక ద్వేషము మాట. క్రైస్తవులపట్ల మన సీమలో విరోధము ఎందువలన కలిగినది అని అడుగుట న్యాయము. ఒకవైపు మాటనే వినినచో సత్యము సగమే తెలియును. ఆ మతమును బోధించిన దొరలు పరిపాలించు దొరల జాతివారు. ఇరువురిని వేరుచేసి చూచుట సామాన్యునకు కష్టము. పందొమ్మిదవ శతాబ్దిలో వెలువడిన కొన్ని మతప్రచార పుస్తకములు హిందువుల దేవతలను, ఆచారములను పరుషముగా విమర్శించినవి. అవి నొప్పించినవన్న మాట కాదనలేము. కొడుకు మతము మారినప్పుడు తల్లిదండ్రులు పడిన దుఃఖము నిజమైన దుఃఖమే. మరియొక కారణము కూడ ఉన్నది. ఊరికి వెలుపల నివసించు పేదలు బడికి పోయి చదువుకొని, వెట్టి చేయమనుట కొందరికి సహింపరానిదైనది. మొదటి మూడు కారణములకు సానుభూతి చూపవచ్చును, నాలుగవదానికి చూపలేము. ప్రేమతో బదులు చెప్పదలచినవాడు మొట్టమొదట చేయవలసిన పని ఈ వేరుపాటే. తనవారి తప్పు ఎచ్చట ఉన్నదో చూడనివాడు ఎదుటివానిని క్షమించితినని చెప్పుట అహంకారమే అగును.

ఈ సీమవారందరును తెలిసికొనదగిన పేరు పురుషోత్తమ చౌదరి. ఈయన 1803లో పర్లాకిమిడి ప్రాంతమున బ్రాహ్మణ కుటుంబములో జన్మించినాడు. 1936లో ఒరిస్సా రాష్ట్రము ఏర్పడువరకు ఆ ప్రాంతము మద్రాసు రాజధానిలోని గంజాము జిల్లాలో ఉండెడిది. ఆయన 1833లో జ్ఞానస్నానము పొందినాడు. ఆ కాలమున అట్టి నిర్ణయమునకు చెల్లింపవలసిన మూల్యము ఎంతటిదో మనము ఊహింపవలెను. కులమునుండి వెలియైనవానికి పంక్తి లేదు, సంబంధము లేదు. కొన్ని ఇండ్లలో బ్రతికియున్న కొడుకునకే ఘటశ్రాద్ధము పెట్టెడివారు. శాస్త్రము ప్రకారము పతితునకు పిత్రార్జితములో భాగము కూడ పోవును. మతము మారినంతమాత్రమున ఆస్తి హక్కు పోరాదని దేశమంతటికి వర్తించునట్లు చట్టము వచ్చినది 1850లో మాత్రమే. అది ఆ సంవత్సరపు 21వ చట్టము. అనగా చౌదరి మతము మారిన నాటికి మద్రాసు రాజధానిలో అట్టివానికి ఆ చట్టరక్షణ లేదు.

అట్టి స్థితిలో ఆయన మిగిల్చిపోయినది ఏమి? పాటలు. నూరుకు పైగా కీర్తనలను రచించి, 1890లో 86 ఏండ్ల వయస్సున ఆయన కాలము చేసినాడు. ఆయన ఆచార విమర్శలు కూడ రచించినాడు. వాని చర్చ పండితులకు విడిచిపెట్టవచ్చును. ప్రజల నోట నిలిచినవి కీర్తనలే. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల సంపుటము తెరచినవారికి పాటపైన రాగము, తాళము అచ్చువేసియుండుట కనబడును. తనను వెలివేసిన సమాజపు సంగీతమును, ఛందస్సును, భక్తిమార్గమును ఆయన వెలివేయలేదు. పొరుగువాడు దేవాలయములో పాడుకొను రాగముననే తానును పాడినాడు. ద్వేషమునకు మొదటి ఫలము దూరమగుట. మాట మారును, బాట మారును, తుదకు ఒకరి పాట మరియొకరికి వినబడదు. దూరము కాకుండుటయే ప్రేమ చేయవలసిన మొదటి పని అని చౌదరి కీర్తనలు మనకు తెలుపుచున్నవి.

రెండవది, ప్రేమ బేరము కారాదు. క్రైస్తవుల సేవను గూర్చి ఎల్లప్పుడును వినవచ్చు ఆక్షేపణ ఒకటి ఉన్నది. అన్నము పెట్టి, మందు ఇచ్చి మతమును అంటగట్టుచున్నారన్నదే ఆ ఆక్షేపణ. దీనిని కోపముతో త్రోసివేయుటకంటె, ఆచరణలో ఎదుర్కొనుట మేలు. ఈ సందర్భమున మన సీమకు దక్షిణముగా, ఒంగోలులో జరిగిన ఒక సంగతిని చెప్పవలెను. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ 1866లో ఒంగోలు చేరినాడు. ఆయన బోధను విని మొదట చేరినవారిలో పెక్కుమంది మాదిగలు. వారు చచ్చిన గొడ్డు మాంసము తినము, ఆదివారము పని చేయము, జాతరలో డప్పు కొట్టము అనుటతో గ్రామపెద్దలకు ఆగ్రహము కలిగినది, వేధింపులు మొదలైనవి. పది సంవత్సరముల పిమ్మట 1876 మొదలు 1878 వరకు దక్షిణ దేశమును మహాక్షామము పీడించినది. క్లౌ బకింగ్‌హాము కాలువలో సుమారు మూడున్నర మైళ్ళ త్రవ్వకమును ప్రభుత్వమునుండి కంట్రాక్టు తీసికొని, ఆకలిగొన్నవారికి పనియు కూలియు కల్పించినాడు.

ఇచ్చట గమనింపదగినది తరువాతి సంగతి. వేలకొలది జనము జ్ఞానస్నానము కోరి వచ్చినను, క్షామనివారణ పని సాగుచున్నంతకాలము ఆయన ఒక్కరికిని ఈయలేదు. సుమారు పదునైదు నెలలు ఆపినాడు. అన్నము కొరకు మతమన్న మాట రాకూడదని, కూలి పని ముగిసి సహాయ ధనము ఆగిన పిమ్మటనే తిరిగి ప్రారంభించినాడు. 1878 జూలై 3న, గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కనాడే 2,222 మంది జ్ఞానస్నానము పొందిరన్న సంగతి ప్రసిద్ధమైనది. ఆ సంఖ్యను అందరును చెప్పుకొందురు. దానికి ముందు జరిగిన పదునైదు నెలల నిరీక్షణను చెప్పుకొనువారు తక్కువ. మా దృష్టిలో విరోధులకు అసలైన ప్రత్యుత్తరము ఆ నిరీక్షణయే.

మరల మన సీమకు వత్తము. 1880 దశకములో జర్మనీలోని బ్రెక్లుం గ్రామమునుండి లూథరన్ మిషనరీలు సాలూరు వచ్చినారు. పూర్వము విజయనగరము జిల్లాలో ఉండి, 2022నుండి పార్వతీపురము మన్యము జిల్లాలో చేరిన ఆ సాలూరులో ఫిలడెల్ఫియా కుష్ఠు వైద్యశాల వెలసినది. కుష్ఠువునకు కారణమైన సూక్ష్మజీవిని 1873లో నార్వే వైద్యుడు హాన్సెన్ కనిపెట్టినాడు. ఐనను దానిని హరించు మంచి మందు 1940 దశకము వరకు లేదు. అనేక మందులను కలిపి ఇచ్చు చికిత్సను ప్రపంచ ఆరోగ్య సంస్థ 1981లో మాత్రమే సిఫారసు చేసినది. మందు లేని ఆ దినములలో చేయగలిగినదెల్ల పుండు కడుగుట, కట్టు కట్టుట, అన్నము పెట్టుట. కుష్ఠురోగిని కన్నవారే ఊరి వెలుపల ఉంచిన కాలమది. వానిని తాకుటకు ఒక చేయి ముందుకు వచ్చినప్పుడు, ఆ చేయి ఏ మతమువానిదన్న వాదము రోగి కడ నిలువదు.

సోంపేటలోని ఆరోగ్యవరము ఆసుపత్రి కథ వేరొక విధమైనది. కెనడా బాప్టిస్టు మిషనుకు చెందిన వైద్యుడు బెన్ గలిసన్ అచ్చట నేత్రచికిత్స చేయుచుండెడివాడు. ఆయన మాట విని కాల్గరీ పట్టణపు వ్యాపారి ఆర్ట్ జెంకిన్స్ 1963లో ఆపరేషన్ ఐసైట్ అను సంస్థను స్థాపించినాడు. కంటి శుక్లములచే చూపు పోయిన పేదలకు శస్త్రచికిత్స చేయించుట దాని తొలి పని. తరువాత అది మన దేశములోని ఇతర ప్రాంతములకును, ఆఫ్రికాకును వ్యాపించినది. ఒక సోంపేట ఆసుపత్రిలో పుట్టిన ఆలోచన అంత దూరము పోయినదన్న సంగతి మన జిల్లావారిలోనే చాలమందికి తెలియదు.

ఇంతవరకు చెప్పినది ఓర్పును, సేవను గూర్చి. ప్రాణమే పోయినప్పుడు ప్రేమ మాట చెల్లునా? మన పొరుగు రాష్ట్రమైన ఒరిస్సాలో ఈ పరీక్ష వచ్చినది. గ్రాహం స్టెయిన్స్ ఆస్ట్రేలియా దేశస్థుడు. 1965నుండి మన దేశములో ఉండి, బారిపదలో కుష్ఠురోగులకు సేవ చేసినాడు. 1999 జనవరి 22 రాత్రి కేంఝర్ జిల్లా మనోహరపురము గ్రామములో ఆయనయు, పది సంవత్సరముల ఫిలిప్, ఆరు సంవత్సరముల తిమోతి అను ఆయన కుమారులును బండిలో నిద్రించుచుండగా ఒక మూక ఆ బండికి నిప్పంటించినది. ముగ్గురును మరణించినారు. ఆయన భార్య గ్లాడిస్, కుమార్తె ఎస్తేరు మిగిలినారు. హంతకులను తాము క్షమించితిమని గ్లాడిస్ ప్రకటించినది. అంతటితో ఊరకుండక, 2004 వరకు బారిపదలోనే ఉండి భర్త విడిచిన సేవను నడపినది. భారత ప్రభుత్వము 2005లో ఆమెకు పద్మశ్రీ బిరుదమిచ్చినది.

ఆమె క్షమను చాలమంది పొరపాటుగా గ్రహించినారు. క్షమించినది గనుక నేరస్థులను విడిచిపెట్టవలెనని ఆమె కోరలేదు. తన మనసులో పగ ఉంచుకొనకుండుట తన వంతు. నేరమును విచారించుట ప్రభుత్వము వంతు అని ఆమె ఈ రెండింటిని విడివిడిగానే చూచినది. న్యాయస్థానములు తమ పని తాము చేసినవి. ముఖ్య నేరస్థునికి కింది కోర్టు 2003లో మరణశిక్ష విధించగా, హైకోర్టు 2005లో దానిని యావజ్జీవ శిక్షగా తగ్గించినది. సుప్రీంకోర్టు 2011లో ఆ తీర్పును స్థిరపరచినది.

మూడవ పాఠము ఇదియే: ప్రేమ న్యాయమునకు శత్రువు కాదు. దీనికి మరింత సమీపమున మరియొక నిదర్శనము ఉన్నది. శ్రీకాకుళము జిల్లాకు ఆనుకొని గజపతి జిల్లా, దానికి ఆనుకొని కంధమాల్ జిల్లా. 2008 ఆగస్టు 23న కంధమాల్‌లో స్వామి లక్ష్మణానంద సరస్వతియు, మరి నలుగురును హత్యకు గురియైనారు. మావోయిస్టులు అది తమ పనియని ప్రకటించినను, కోపము అచ్చటి క్రైస్తవులపై విరుచుకుపడినది. 39 మంది మరణించినట్లు ప్రభుత్వ లెక్కలు చెప్పినవి. వేలకొలది కుటుంబములు అడవులకు, శిబిరములకు పోయినవి. స్వామివారి హత్య ఘోరము; దానికి బదులుగా నిరపరాధుల ఇండ్లు కాల్చుటయు ఘోరమే. ఒకదానిని చెప్పి రెండవదానిని దాచుట ధర్మము కాదు.

అప్పుడు కటక్ భువనేశ్వర్ ఆర్చిబిషప్పుగా ఉన్న రఫాయెల్ చీనాత్ తనవారిని ప్రతీకారమునకు పురికొల్పలేదు. సుప్రీంకోర్టునకు పోయినాడు. శిబిరములలోని వారికి రక్షణ, సహాయము, నష్టపరిహారము కావలెనని ఏండ్ల తరబడి వ్యాజ్యము నడపినాడు. 2016 ఆగస్టు 2న సుప్రీంకోర్టు, మృతుల కుటుంబములకు అదనముగా మూడేసి లక్షల రూపాయలు ఈయవలెనని ఆజ్ఞాపించినది. మూసివేసిన 315 కేసులను తిరిగి పరిశీలింపవలెనని కూడ చెప్పినది. ఆ తీర్పు వచ్చిన పండ్రెండవ దినమున చీనాత్ మరణించినాడు. కోర్టుకు పోవుట ప్రేమకు విరుద్ధమనువారు ఒక మాట ఆలోచింపవలెను. ఇల్లు పోయినవాడు కర్ర పట్టుకొనక అర్జీ పట్టుకొనుట, ఎదుటివానిని కూడ చట్టమునకు లోబడిన తోటి పౌరునిగా గౌరవించుటయే గదా! మౌనముగా సహింపుడని బలహీనులకు నూరిపోయుట ప్రేమ కాదు. అది బలవంతునికి పాపము చేయ సదుపాయము కల్పించుట.

ఇట్టి పెద్ద సంగతులు విన్నప్పుడు, ఇవి మహాత్ములకే సాధ్యమను నిస్పృహ శ్రోతలకు కలుగవచ్చును. కాని విరోధము మన కడకు ఎల్లప్పుడును నిప్పుతోనే రాదు. ఎక్కువగా అది చిన్న వేషములతోనే వచ్చును. పక్క ఇంటివారు పేరంటమునకు పిలువరు. అద్దెకు ఇల్లు అడిగినచో మతము అడుగుదురు. బడిలో పిల్లవానిని ఎగతాళి చేయుదురు. ఎవరో పుట్టించిన పుకారును నలుగురు నమ్ముదురు. అట్టి వేళ మనము ఇంతవరకు చూచిన మూడు సంగతులను జ్ఞాపకము చేసికొనవచ్చును. పిలువనివారిని మనము పిలుచుట మానరాదు. దూరము వారివైపునుండి వచ్చినను మనవైపునుండి పెరుగకూడదు. చేసిన సాయమునకు ప్రతిఫలముగా పొగడ్తనుగాని, మతమునుగాని, కృతజ్ఞతనుగాని ఆశింపరాదు. అన్యాయము హద్దు దాటినచో దానిని బహిరంగముగా, చట్టబద్ధముగా చెప్పవలెను. చెప్పునప్పుడు ఎదుటివాని కులమును, దేవుని దూషింపకుండ చెప్పవలెను.

ఈ మూడింటిని క్రైస్తవులు ఎల్లప్పుడును పాటించినారని మేము చెప్పుటలేదు. పాటించినవారు కొందరు ఉన్నారనియు, వారిలో కొందరు మన పొరుగుననే ఉండిరనియు చెప్పుచున్నాము. ఎక్కువమంది ఉన్న మతమువారికిని ఇందులో ఒక కర్తవ్యము ఉన్నది. ఎదుటివాని క్షమ ఎంతవరకు సాగునో పరీక్షించుట మన పని కాదు. అతనికి క్షమింపవలసిన అవసరమే రాకుండ చూచుట మన పని. మన రాజ్యాంగము 25వ అధికరణములో ప్రతి మనుష్యునకు అంతఃకరణ స్వాతంత్ర్యమును ఇచ్చినది. అది కాగితముమీది హక్కు. పక్క ఇంటి వాకిలి తెరచియుండుట ఆ హక్కు బ్రతికియున్నదనుటకు గురుతు.

ఏ పండుగకైనను ఈసారి ఆ వాకిలినుండి ఒక కీర్తన వినవచ్చినచో, ఒక నిమిషము ఆగి రాగమేదో గుర్తుపట్ట ప్రయత్నింపుడు. అది మనకు తెలిసిన రాగమే కావచ్చును.